జీడితోట మీద పదింతల వాన

పలాస దగ్గర మా జీడితోటలో కార్బన్, నైట్రోజన్, నీరు ఎలా తిరుగుతాయో బయోమ్-బీజీసీ అనే కంప్యూటర్ మోడల్‌లో చూద్దామని కూర్చున్నాను. స్పిన్-అప్ పూర్తయింది. అంటే మట్టిలో కార్బన్ నిలకడకు వచ్చేదాకా అవే ఏళ్ల వాతావరణాన్ని తిప్పి తిప్పి నడపడం. తీరా చూస్తే మోడల్‌లో చెట్లకి ఆకే లేదు! ఇంటి వెనక తోట మాత్రం గుబురుగానే ఉంది.

ముందు 2018 తిత్లీ తుపాను వాన మీద అనుమానపడ్డాను. ఆ ఏడాది తీసేసినా అంతే. రెండు రోజులు ఆకుల పారామీటర్లు మార్చాను, దండగ. చివరికి నైట్రోజన్ లెక్క చూస్తే, నీటితో పాటు కొట్టుకుపోయేదే ఎక్కువ. అంత నీరెక్కడిది? వాతావరణ ఫైలు తెరిచాను. ఒక రోజు వాన 62 అని ఉంది. నేనిచ్చింది మిల్లీమీటర్లు, ఈ మోడల్ చదివేది సెంటీమీటర్లు. వెయ్యి మిల్లీమీటర్ల పైచిలుకు వాన కాస్తా పది మీటర్లు దాటింది. తోటని ముంచింది తిత్లీ కాదు, నేనే.

ఆ కాలమ్‌ని 10తో భాగించి స్పిన్-అప్ మళ్లీ మొదటి నుంచి నడిపాను. పాత రీస్టార్ట్ ఫైలు (స్పిన్-అప్ చివర మట్టి, చెట్ల స్థితిని దాచే ఫైలు) వాడొద్దు, అందులో ఉండేది నైట్రోజన్ పోయిన మట్టే. ఇప్పుడు ఆకు వచ్చింది. ఎండాకాలం లెక్క ఇంకా కుదరలేదు, వేళ్ల లోతు చూడాలి.