స్పిన్నింగ్ రీలుకి ఏ తంగూసు వేయాలి?

బరంపురంలో ఎవరు కొత్తగా చేపలు పట్టే స్పిన్నింగ్ రీలు కొన్నా నన్ను ముందు అడిగేది ఒకటే: ఎంత లావు తంగూసు, అంటే గాలపు దారం, వేయాలని. లావుది వద్దు. ఈ రీలులో విసిరేటప్పుడు స్పూలు (దారం చుట్టి ఉండే కండె) తిరగదు, దారమే దాని అంచు మీదుగా చుట్టలు చుట్టలుగా జారుతుంది. లావు నైలాన్ బిరుసు. దూరం పోదు, చిక్కు పడుతుంది. 2500 సైజు రీలుకి 0.25 నుంచి 0.30 మి.మీ. చాలు. నేర్చుకునేవాళ్లకి నైలానే నయం. కాస్త సాగుతుంది కాబట్టి చేప ఒక్కసారిగా గుంజినా తట్టుకుంటుంది.

గోపాల్‌పూర్ ఒడ్డున అలల అవతలికి విసరాలంటే మాత్రం నేను బ్రెయిడే, అంటే సన్న పోగులతో అల్లిన దారమే, వేస్తాను. అంతే బలానికి చాలా సన్నగా ఉంటుంది. కానీ నునుపు ఎక్కువ, స్పూలు మీద జారిపోతుంది. అందుకని అడుగున కొన్ని చుట్లు నైలాన్ వేసి దానికి ముడేయండి. రాతికి ఒరుసుకుంటే బ్రెయిడ్ పుటుక్కున తెగుతుంది. ఇక రుషికుల్య నది మొగ దగ్గర పండుగప్ప పడిందా, దాని మొప్ప రేకు కత్తిలా కోసేస్తుంది. చివర ఒక బారెడు పొడవున లావుపాటి ఫ్లోరోకార్బన్ (ఒరిపిడికి ఓర్చే గట్టి దారం) కట్టాల్సిందే.

స్పూలు అంచుకి 2 మి.మీ. తక్కువగా నింపండి. ముడిని ఉమ్మితో తడిపి మెల్లగా బిగించండి, పొడిగా లాగితే రాపిడి వేడికి నైలాన్ బలం పోతుంది. డ్రాగ్‌ని, అంటే చేప గుంజినప్పుడు దారాన్ని పట్టి వదిలే రీలు బ్రేకుని, దారం బలంలో మూడో వంతు దాటనివ్వొద్దు.

విసిరే ముందు చివరి రెండు బారలు వేళ్ల మధ్య లాగి చూడండి. గరుకు తగిలితే అంతమేరా కోసేసి జేబులో వేసుకోండి, ఇసుకలో వదలొద్దు. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే తీరం ఇది, వాటి కాళ్లకి చుట్టుకుంటుంది.