హన్మకొండల కూసోని ఓరియన్ నెబ్యులాని రేడియోల కొలుసుడెట్ల

సిటీ లైట్లు, దుమ్ము, వానాకాలం మబ్బులు, ఇవన్నీ టెలిస్కోప్ ఉన్నోళ్లకు తిప్పలే, కానీ నెబ్యులాల, అంటే ఆకాశంల ఉండే గ్యాస్ మబ్బులల్ల, ఎలక్ట్రాన్లు ఊడిపోయిన (అయనైజ్డ్) గ్యాస్‌ని చూడాల్నంటే లాప్‌టాప్, నెట్ ఉంటే సాలు, రేడియో సర్వేలు ఎప్పుడో తీసి ఫ్రీగ పెట్టిండ్రు.

నాసా స్కైవ్యూ అనే వెబ్‌సైట్ల ఎం42 (ఓరియన్ నెబ్యులాకు ఇంకో పేరు) అని కొట్టి రెండు సర్వేలు పట్టుండ్రి. ఎన్‌వీఎస్ఎస్, అంటే అమెరికా వీఎల్ఏ రేడియో టెలిస్కోప్ తోటి 1400 మెగాహెర్ట్జ్‌ల తీసింది, ఇంకోటి టీజీఎస్ఎస్, మన పుణె దిక్కు ఖోడద్ కాడున్న జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోప్ తోటి 150ల తీసింది. సైజు 0.5 డిగ్రీ, 120 పిక్సెల్స్ పెడితే పిక్సెల్‌కు 15 ఆర్క్‌సెకండ్లు (డిగ్రీల 3600వ వంతు ఒక ఆర్క్‌సెకండ్) అయితది. ఫిట్స్ ఫైలే, అంటే ప్రతి పిక్సెల్‌కు అసలు కొలత ఉండేదే, దించుకోండ్రి, జేపెగ్ కొలతకు పనికిరాదు.

రెండెందుకంటే, ఒక్క ఫొటోల వెలుగు కనవడ్తది గని అదేం వెలుగో తెల్వదు, అసలు సంగతంత ఈడనే ఉంది. ఓరియన్ నడిమిట్ల ఉన్న ట్రపీజియం అనే వేడి చుక్కల అల్ట్రావయొలెట్‌కు హైడ్రోజన్ విడిపోయి, ఎలక్ట్రాన్లు ప్రోటాన్ల పక్కపొంటి పోతూ మలిగినప్పుడల్ల రేడియో వస్తది. 1400 కాడ ఆ గ్యాస్ లోపటిదాక మస్తు కనవడ్తది, 150 కాడ గ్యాసే తన అలల్ని తానే మింగుతది, అందుకే బాగ మసకబారుతది. క్రాబ్ నెబ్యులా, అంటే పేలిపోయిన చుక్క మిగులు, దీనికి ఉల్టా, అండ్ల ఎలక్ట్రాన్లు అయస్కాంత క్షేత్రంల తిరుగుతయ్, కింది ఫ్రీక్వెన్సీల ఇంకా జోరు.

ఇగ ఫిట్స్ ఫైళ్లు తెరిచే డీఎస్9 సాఫ్ట్‌వేర్ల నెబ్యులా సుట్టు గుండ్రంగ గీసి, రెండు ఫైళ్లల్ల అదే గుండ్రం పెట్టి, స్టాటిస్టిక్స్‌ల సమ్ చూడుండ్రి. ఆ సమ్ ఉన్నదున్నట్టు పోల్చొద్దు, అది బీమ్‌కు (టెలిస్కోప్ ఒక్క మచ్చగ చూసే జాగకు) ఇన్ని జాన్‌స్కీలు (రేడియో వెలుగుకు కొలత) అన్న లెక్క. బీమ్‌ల ఎన్ని పిక్సెల్సో దాంతోటి భాగించాలె, 1.133 ఇంటు బీమ్ పొడవు ఇంటు వెడల్పు బై పిక్సెల్ స్క్వేర్. ఎన్‌వీఎస్ఎస్ బీమ్ 45 ఆర్క్‌సెకండ్లు, సుమారు 10 వస్తది, టీజీఎస్ఎస్ 25, ఇంచుమించు 3.

1400 విలువను 150 విలువతోటి భాగించి లాగ్ (బేస్ 10) తీసి 0.97తోటి భాగించుండ్రి. ప్లస్ వస్తే వేడి గ్యాస్, క్రాబ్‌కు మైనస్ 0.3 దగ్గర రావాలె, ముందు దానిమీద చేసి చూసుకుంటె మీ లెక్కమీద నమ్మకం వస్తది.

రోసెట్ నెబ్యులా మాత్రం ఇట్ల కొలవొద్దు, అది డిగ్రీ దాటి ఉంటది, ఎన్‌వీఎస్ఎస్ అంత పరుచుకున్న వెలుగును పట్టలేదు. దాని బదులు కాసియోపియాల డబ్ల్యూ3 పట్టుండ్రి.