మాస్ బాల్ రంగు మారుతోందా? చెన్నైలో అయితే ముందు వేడి సంగతి చూడండి

మాస్ బాల్ అంటే గుండ్రంగా పెరిగే ఒకరకం పాచి, జపాన్‌లో హొక్కైడో వైపు అకాన్ సరస్సు అడుగున చల్లటి నీళ్ళలో ఉండే రకం, దాన్ని తెచ్చి మనం కత్తిరి ఎండల్లో (మే నెల మండుటెండల్లో) గాజు సీసాలో పెడుతున్నాం, కాబట్టి ఏ తేడా వచ్చినా మొదటి అనుమానం వేడి మీదే పెట్టుకోండి.

గోధుమ రంగుకి తిరుగుతోంది: నీళ్ళు 25 డిగ్రీలు దాటితే దీనికి పడదు, ఏప్రిల్, మే నెలల్లో మన ఇళ్ళల్లో నీళ్ళు 30 దాటేస్తాయి. ఫ్రిజ్ పైన, టీవీ పక్కన పెట్టి ఉంటే ముందు అక్కడ్నించి తీసేయండి, ఎండ తగలని గదిలో నేల మీద పెట్టినా నయమే. అప్పటికీ తగ్గకపోతే సీసాతో సహా ఫ్రిజ్ కింది అరలో ఒకట్రెండు రోజులు పెట్టండి, ఇంట్లో వాళ్ళు పచ్చడి అనుకోకుండా చెప్పి పెట్టండి. ఫ్రీజర్ మాత్రం వద్దు. ఆ గోధుమ రంగు వేలితో రుద్దితే పోతోందంటే అది పైన పట్టిన వేరే పాచి, కడిగేస్తే సరి.

తెల్లబడుతోంది: నేరుగా ఎండ పడుతోంది. కిటికీ నుంచి జరపండి, ట్యూబ్‌లైట్ వెలుగు చాలు.

తేలుతోంది: లోపల గాలి బుడగలు, నీళ్ళలో ముంచి మెల్లగా పిండితే బుడబుడమని వచ్చేస్తాయి, మునుగుతుంది. ఎన్నిసార్లు పిండినా తేలుతూ, లోపల గట్టిగా తగులుతోందంటే థర్మోకోల్ ఉండకి నాచు చుట్టి అమ్మారన్నమాట. కొళత్తూరు అలంకార చేపల మార్కెట్‌కి వెళ్ళినా ఎక్కడ కొన్నా కొనేముందే నొక్కి చూడండి, అసలుది స్పాంజిలా నొక్కుకుని మళ్ళీ లేస్తుంది.

నల్లబడి కంపు కొడుతోంది: మధ్యలో కుళ్ళింది. విప్పదీసి నల్లటిదంతా పారేసి, మిగిలిన పచ్చటిది అరచేతుల్లో ఉండ చేసి నూలు దారంతో వదులుగా కట్టండి. ఓపిక పట్టాలి మరి, ఇది పెరిగేదే ఏడాదికి దాదాపు 5 మిల్లీమీటర్లు, అందుకే "పెరగట్లేదు" అనేదాన్ని నేను సమస్య కింద లెక్కెయ్యను.

నీళ్ళ సంగతి. మెట్రో వాటర్ (చెన్నైలో కుళాయికి సరఫరా చేసే నీళ్ళు) అయితే క్లోరిన్ పోవడానికి బకెట్లో పట్టి రాత్రంతా వదిలేసి వాడండి. చూడ్డానికి బావుంటుందని రాగి చెంబులో మాత్రం పెట్టొద్దు, రాగి పాచిని చంపేస్తుంది, కొన్ని చేపల మందుల్లో కూడా రాగి ఉంటుంది, అందుకని ట్యాంకులో మందేసేముందు దీన్ని బయటికి తీసేయండి.

"మెయింటెనెన్స్ అక్కర్లేదు" అన్నారని నెలల తరబడి అలాగే వదిలేస్తే నీళ్ళలో పురుగులు తిరుగుతాయి, అవి దోమ పిల్లలే. గుడ్డు నుంచి దోమ అవ్వడానికి వారం పది రోజులు చాలు కాబట్టి వారానికోసారి నీళ్ళు పూర్తిగా మార్చి, సీసా లోపలి గోడలు కూడా రుద్ది కడగండి, మూతికి పల్చటి గుడ్డ కట్టండి.