ఇంగువ డబ్బా దగ్గర దొరికింది
నాకు సీలియాక్ (గోధుమల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ పడని జబ్బు) అని తేలాక చపాతీ, ఉప్మా, సేమియా అన్నీ మానేశాను. అయినా కడుపుబ్బరం, విరేచనాలు తగ్గలేదు. "అన్నమే తింటున్నావుగా, అంతా టెన్షన్ వల్లే" అనేవారు అత్తయ్య. ఆ మాటకే ఎక్కువ ఏడుపొచ్చేది.

ఒకరోజు పులిహోర పోపు వేస్తూ ఇంగువ డబ్బా తిప్పి చూశాను. వెనకాల చిన్న అక్షరాల్లో గోధుమ పిండి అని ఉంది! పొడి ఇంగువల్లో చాలావాటికి అది కలుపుతారు. అత్తయ్యకి కళ్లజోడు ఇచ్చి చదివించాను. రెండుసార్లు చదివి, "రోజూ నా చేత్తోనే వేశానా తల్లీ" అన్నారు.

ఇప్పుడు బియ్యప్పిండి కలిపిన ఇంగువే వాడుతున్నాం. నా పెనం, అట్లకాడ, జల్లెడ వేరు. రెండు నెలలకి కడుపు కుదుటపడింది. మొన్న పెళ్లిలో నాకు సాంబారు వడ్డించబోతే, అత్తయ్యే చెయ్యి అడ్డం పెట్టి "ఇందులో ఏ ఇంగువ వేశారు బాబూ?" అని అడిగారు.