అడవి మూలికలు గీద్దాం – పాఠం 4: సలాడ్ బర్నెట్ పూచెండు

పోయిన పాఠంలో ఆకు దగ్గర ఆగాం కదా. నడిమి ఈనె గీసుకుని, దానికి అటూ ఇటూ ఉన్న పత్రకాల (ఒకే ఆకులో చిన్న ఆకుల్లా విడివిడిగా ఉండే భాగాల) జతలు లెక్కపెట్టి, జతకీ జతకీ మధ్య దూరం డివైడర్‌తో కొలిచి పేపర్ మీద మార్క్ చెయ్యమన్నాను. ఆ షీట్ పక్కన పెట్టుకోండి, తర్వాత కావాలి. అది ఇంకా చెయ్యనివాళ్ళు కూడా ఇవాళ్టి పాఠం మొదలుపెట్టేయొచ్చు, ఎందుకంటే ఇవాళ పనంతా పువ్వు మీదే, పైగా ఆకు మనకోసం ఆగుతుంది గానీ పువ్వు ఆగదు.

సలాడ్ బర్నెట్, శాస్త్రీయ నామం సాంగ్విసోర్బా మైనర్, గులాబీ కుటుంబం మొక్క. యూరప్‌లో సుద్దనేలల మీద, సున్నపురాయి గుట్టల మీద పొట్టిగడ్డి మధ్యలో పెరుగుతుంది, బ్రిటన్‌లో అయితే మే నుంచి ఆగస్టు దాకా పూత ఉంటుంది, ఆకు నలిపితే దోసకాయ వాసన వస్తుంది. గులాబీ కుటుంబం అనగానే చాలామంది ఐదు రేకుల పువ్వు ఊహించుకుని పెన్సిల్ పట్టుకుంటారు, దీనికి అసలు రేకులే ఉండవు. ఉన్నవి నాలుగు రక్షక పత్రాలు, అంటే మొగ్గని కప్పి ఉంచే చిన్న ఆకుల్లాంటివి, పచ్చగా, అక్కడక్కడా ఎర్రటి చాయతో. పుప్పొడి గాలిలో పోతుంది కాబట్టి పురుగుల్ని పిలిచే రంగురేకులు దీనికి అక్కర్లేదు, ఉన్న శక్తంతా పుప్పొడి ఇచ్చే కేసరాల మీదా, దాన్ని అందుకునే కీలాగ్రాల మీదా పెట్టేసింది. మన టైం కూడా వాటి మీదే పెడదాం.

పువ్వు మీద ఇంత పట్టు ఎందుకంటారా? ఆకు ఒక్కటే గీసి కింద సలాడ్ బర్నెట్ అని పేరు రాస్తే ఆ బొమ్మని ఎవరూ నమ్మలేరు. బర్నెట్ సాక్సిఫ్రేజ్ అని ఒకటుంది, పింపినెల్లా సాక్సిఫ్రాగా, అది ధనియాలు వాము సోంపుల కుటుంబం, గులాబీకి ఏ చుట్టరికమూ లేదు, అదీ సుద్దగుట్టల మీదే పెరుగుతుంది, దాని అడుగు ఆకులు చూస్తే గుండ్రటి పంటి అంచుల పత్రకాలు జతలు జతలుగా అచ్చం మన బర్నెట్‌లాగే కనిపిస్తాయి. పూత వచ్చిందంటే మాత్రం అది గొడుగులా విచ్చుకున్న తెల్లపూల గుత్తి, ఒక్కో పువ్వుకి ఐదు రేకులు. పూత లేకపోతే కాడ మీదకి చూడండి, పింపినెల్లా పై ఆకులు సన్నగా చీలికలు చీలికలుగా మారిపోతాయి, ఆకుకాడ అడుగున కాండాన్ని చుట్టుకునే తొడుగు ఉంటుంది. బర్నెట్‌కి ఆ తొడుగు ఉండదు, దాని బదులు ఆకుకాడ మొదట్లో రెండు పత్రపుచ్ఛాలు ఉంటాయి, కాండం మీది ఆకులకైతే అవి పంటి అంచులతో బుల్లి ఆకుల్లా కనపడతాయి. ఈ పత్రపుచ్ఛాల్ని చాలామంది గీతలో వదిలేస్తారు, నాకు చాలా బాధనిపిస్తుంది, ఆ రెండు చిన్న ముక్కలు సరిగ్గా గీస్తే పువ్వు లేని బొమ్మ కూడా ఏ కుటుంబమో చెప్పేస్తుంది.

సొంత కుటుంబంలో పోలికలు ఇంకా దగ్గర. గ్రేట్ బర్నెట్, సాంగ్విసోర్బా అఫిసినాలిస్, తడి పచ్చికల్లో ఉంటుంది, మీటరు దాకా ఎదుగుతుంది, పత్రకాలు పెద్దవి, కొంచెం పొడుగు, వాటికి విడిగా చిన్న కాడలు తెలుస్తాయి. పూచెండు గుండ్రంగా కాదు, నిలువుగా సాగి ముదురు ఎరుపులో ఉంటుంది. దాని పువ్వుకి కేసరాలు నాలుగే, పురుగులు వచ్చి వాలతాయి. డ్రాప్‌వర్ట్, అంటే ఫిలిపెండులా వల్గారిస్, ఆకులో పత్రకాల జతలు చాలా ఎక్కువ, ఒక్కోటీ లోతుగా చీలి ఉంటుంది, పెద్ద పత్రకాల మధ్య బుల్లి పత్రకాలు ఇరుక్కుని ఉంటాయి. అగ్రిమనీలో కూడా ఈ పెద్ద-చిన్న పత్రకాల వరస ఉంది, కానీ దాని పసుపు పూల కంకి చూశాక ఎవరూ పొరపడరు. ఇవన్నీ బట్టీ పట్టక్కర్లేదు. బొమ్మలో ఏది తప్పకుండా ఉండాలో ఇవే మనకి చెబుతున్నాయి, చుట్టాల్ని విడదీసే ఆనవాలు ఏదో తెలుసుకుని దాన్ని స్పష్టంగా గీయడమే బొటానికల్ ఇలస్ట్రేషన్, మిగతా అందమంతా దాని తర్వాతే.

ఇక పనిలోకి. పూచెండు ఒక సెంటీమీటరు చుట్టుపక్కల ఉంటుంది, అంటే అసలు సైజులో గీస్తే వివరం పట్టదు. అందుకే రెండు బొమ్మలు చేస్తాం, మొక్కతో పాటు అసలు సైజులో ఒకటి, పక్కన ఐదింతలు పెద్దది చేసి ఇంకోటి. ఇవాళ ఐదింతలదే. పది రెట్లు చూపించే చేతి లెన్స్, 2హెచ్ పెన్సిల్, హెచ్‌బీ పెన్సిల్, నున్నటి హాట్ ప్రెస్డ్ పేపర్, ట్రేసింగ్ పేపర్, డివైడర్, ఒక సన్నటి సూది, ఇంతే కావాలి. కాండం కోయగానే నీళ్ళ సీసాలో పెట్టండి, కళ్ళ ఎత్తుకి వచ్చేలా పుస్తకాల మీద పెట్టండి, వెలుతురు ఎడమవైపు పైనుంచి పడాలి. వెనకాల తెల్ల కార్డు ఒకటి నిలబెడితే కేసరాలు కళ్ళకి దొరుకుతాయి, నల్ల కార్డు కూడా దగ్గర పెట్టుకోండి, ఎందుకో కింద చెబుతా.

పెన్సిల్ పెట్టేముందు లెన్స్‌తో ఒక పది నిమిషాలు ఊరికే చూడండి. ఈ చెండు మొత్తం ఒకే రకం పువ్వులు కావు. పైభాగంలో ఉన్నవి ఆడపువ్వులు, వాటి కీలాగ్రాలు ఎర్రటి కుచ్చుల్లా బయటికి వచ్చి ఉంటాయి. అడుగున ఉన్నవి మగపువ్వులు, వాటిలోంచి బోలెడన్ని కేసరాలు పొడుగ్గా సన్నగా కిందకి వేలాడతాయి, చివర పసుపు పరాగకోశాలు, అంటే పుప్పొడి సంచులు. మధ్యలో రెండూ కలిసిన పువ్వులు కొన్ని. పైగా ఇవన్నీ ఒకేసారి విచ్చుకోవు, ముందు పైన ఎర్ర కుచ్చులు వస్తాయి, అవి వాడిపోయే వేళకి కింద కేసరాలు దిగుతాయి. అందుకని ఒకే కొమ్మ మీద వేరువేరు వయసుల చెండ్లు చూస్తే ఒకటి ఎర్రగా ఒకటి పసుపుగా రెండు వేరే మొక్కలేమో అన్నట్టు ఉంటాయి.

ఇక్కడే ఒక పాత తగువు మన టేబుల్ మీదకి వస్తుంది. కళ్ళముందున్న ఈ ఒక్క కొమ్మని ఉన్నది ఉన్నట్టు గీయాలా, లేక ఈ జాతి మొక్క ఎలా ఉంటుందో చూపించేలా గీయాలా? 1530లో ఒట్టో బ్రూన్‌ఫెల్స్ మూలికల పుస్తకానికి బొమ్మలు వేసిన హాన్స్ వైడిట్జ్ మొదటి దారి పట్టాడు, ఆకు చిరిగితే చిరిగినట్టే, వాడితే వాడినట్టే గీశాడు. 1542లో లియోన్‌హార్ట్ ఫుక్స్ పుస్తకానికి పనిచేసినవాళ్ళు రెండో దారి, ఒకే మొక్క మీద పువ్వూ కాయా రెండూ చూపించారు, లోపాలు తీసేశారు. ఆ పుస్తకంలో బొమ్మ గీసిన ఆల్‌బ్రెక్ట్ మేయర్, దాన్ని చెక్క మీదకి ఎక్కించిన హైన్‌రిఖ్ ఫుల్‌మౌరర్, చెక్క చెక్కిన వైట్ రుడాల్ఫ్ స్పెక్లె ముగ్గురి రూపచిత్రాలూ అచ్చువేశారు, ఆ కాలానికి పనివాళ్ళకి అంత గౌరవం దక్కడం నాకు ఎప్పుడు తల్చుకున్నా సంతోషమే. బర్నెట్ విషయంలో నేను ఫుక్స్ వైపు. ఒక్క చెండు గీసి ఆపితే సగం కథే వస్తుంది కాబట్టి మూడు వయసుల చెండ్లు ఒకే కొమ్మ మీద చూపిద్దాం, కాకపోతే ప్రతి చెండూ నిజంగా మీరు చూసి కొలిచిందే అయ్యుండాలి, ఊహించి అతికించింది కాకూడదు. పురుగు కొరికిన ఆకు ఒకటి ఉంటే దాన్ని వదిలేసి పక్కాకు గీసినా నాకు అభ్యంతరం లేదు, పత్రకాల లెక్క మారిస్తే మాత్రం ఒప్పుకోను.

గీత ఇలా మొదలుపెట్టండి. డివైడర్‌తో చెండు ఎత్తూ వెడల్పూ కొలిచి ఐదింతలు చేసి 2హెచ్‌తో చాలా లేతగా గుండ్రం వెయ్యండి, నిజానికి అది పూర్తి గుండ్రం కాదు, కొంచెం కోడిగుడ్డు వాటం ఉంటే ఆ వాటమే వెయ్యండి. కాడ నిలువు గీతని చెండు లోపలికి కూడా పొడిగించండి, ఎందుకంటే పువ్వులన్నీ ఆ మధ్య కాడకే అంటుకుని ఉన్నాయి, ప్రతి పువ్వూ ఆ గీత వైపు నుంచే బయటికి రావాలి. ఇప్పుడు గోళం మీద అడ్డంగా వంపు గీతలు నాలుగైదు. మనకి ఎదురుగా ఉన్న పువ్వుని పైనుంచి చూస్తున్నాం కాబట్టి నాలుగు రక్షక పత్రాలూ కూడికగుర్తులా విచ్చుకుని కనపడతాయి, అంచుకి వెళ్ళేకొద్దీ అదే పువ్వు పక్కకి తిరిగిపోతుంది, రెండు పత్రాలే కనపడతాయి, మూడోది సన్నటి అంచుగా. కొత్తగా గీసేవాళ్ళ చెండు చదునుగా బిళ్ళలా రావడానికి కారణం ఇదే, అన్ని పువ్వుల్నీ ఎదురుగా చూసినట్టే గీస్తారు. ముందు మధ్యలో పువ్వు ఒకటి, కుడి అంచున ఒకటి, ఎడమ అంచున ఒకటి పూర్తిగా గీసెయ్యండి, మిగతావి వాటి మధ్య సర్దుకుంటాయి. వరసలు అడ్డంగా తిన్నగా ఉండవు, పువ్వులు మెలితిరుగుతూ అమరుతాయి, ఏ పువ్వు ఏ రెంటి సందులో కూర్చుందో చూసుకుంటూ వెళ్ళండి.

తర్వాత ఎర్ర కుచ్చులు. ఒక్కో కీలాగ్రం పొట్టి కాడ మీద చాలా పాయలుగా చీలి ఉంటుంది, లెన్స్ లేకుండా చూస్తే ఎర్రటి మసకలా అనిపిస్తుంది, ఆ మసకనే గీస్తే బొమ్మ చెడుతుంది. ఎదురుగా ఉన్న రెండు మూడు కుచ్చుల్ని పాయ పాయగా గీసి, వెనకవాటిని కొంచెం తేలికగా వదలండి. ఇవి తొందరగా ముడుచుకుపోతాయి, రంగు కూడా గోధుమకి తిరుగుతుంది, అందుకే కొమ్మ తెచ్చిన గంటలోపే వీటి రంగు ఒక ముక్క పేపర్ మీద కలిపి పెట్టుకోండి. రంగుకి క్వినాక్రిడోన్ మెజెంటా బాగుంటుంది, అలిజరిన్ క్రిమ్‌జన్ అనే ముదురు ఎరుపు వాడేటట్టయితే, అసలుది వెలుతురుకి వెలిసిపోతుంది కాబట్టి డబ్బా మీద పర్మనెంట్ అని ఉన్నదే వాడండి.

కేసరాలే అన్నిటికంటే కష్టం. కేసరదండం, అంటే కేసరం కాడ, వెంట్రుకంత సన్నం, లేత రంగు, తెల్ల పేపర్ మీద లేత గీత ఎలా కనపడుతుంది? దానికి రెండు వైపులా రెండు గీతలు గీస్తే అది దారం కాదు, గొట్టం అయిపోతుంది. పేపర్ తెలుపు మీద పడే భాగానికి 2హెచ్‌తో ఒకే ఒక్క బూడిదరంగు గీత, చెయ్యి ఆపకుండా పైనుంచి కిందకి ఒక్క లాగులో. పచ్చటి రక్షక పత్రం ముందు నుంచి వెళ్ళే భాగానికి అక్కడ పేపర్ తెలుపునే వదిలి చుట్టూ పచ్చ నింపాలి. అంటే ఒకే దారం ఒక చోట ముదురుగా, ఒక చోట తెలుపుగా మారుతుంది. నల్ల కార్డు అందుకే, దాని ముందు పెట్టి చూస్తే ఏ దారం ఎక్కడ ముందుకొచ్చిందో ఎక్కడ వెనక్కి పోయిందో తేటగా తెలుస్తుంది. అన్నీ ఒకే వైపు దువ్వినట్టు గీయకండి, బరువుకి కిందకి వాలతాయి నిజమే కానీ ఒక్కోటీ వేరే చోట వంగుతుంది, కొన్ని ఒకదాన్నొకటి దాటుతాయి, ఆ దాటిన చోట్లు రెండు మూడు శ్రద్ధగా గీస్తే మొత్తం గుంపుకి లోతు వచ్చేస్తుంది. పరాగకోశం కూడా ఉత్త చుక్క కాదు, రెండు గదులు, మధ్యలో గాడి, ఐదింతల బొమ్మలో ఆ గాడి పడుతుంది.

కాడ గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు, కోణాలుగా ఉంటుంది, తరచు ఎర్రబారి ఉంటుంది, ఒక పక్క నీడ చాలు.

బొమ్మ అయ్యాక మూలన స్కేల్ గీత తప్పకుండా వెయ్యండి. ఐదింతలు కాబట్టి ఐదు మిల్లీమీటర్ల గీత గీసి దాని కింద 1 మి.మీ. అని రాయాలి. పక్కన ఊరికే ×5 అని రాస్తే, రేపు ఆ బొమ్మని చిన్నది చేసి ప్రింట్ వేసినప్పుడు ఆ అంకె తప్పైపోతుంది, గీత మాత్రం బొమ్మతో పాటే తగ్గుతుంది కాబట్టి ఎప్పుడూ సరిగ్గానే ఉంటుంది.

వచ్చే పాఠం లోపు చెయ్యాల్సింది. మూడు వయసుల చెండ్లు విడివిడిగా ట్రేసింగ్ పేపర్ మీద, పోయినసారి ఆకు షీట్ మీద ఆ ట్రేసింగులు అటూ ఇటూ జరిపి చూసుకుని ఎక్కడ పెడితే పత్రకాల్ని కప్పకుండా ఉంటాయో మార్క్ చేసుకోండి, రంగు ఇంకా వెయ్యొద్దు. వీలైతే ఒక చెండుని కొయ్యకుండా మొక్క మీదే ఎండనివ్వండి, వచ్చేసారి దాని కాయ తీసుకుందాం, నాలుగు అంచులతో మధ్యలో వలలాంటి గరుకుతో ఉంటుంది, మేత కోసం పండించే పెద్ద రకం బర్నెట్‌కి ఆ అంచులు రెక్కల్లా సాగుతాయి, ఆ రెండిటినీ పది ఇంతల సైజులో ఇంక్ చుక్కలతో గీద్దాం. దానికి 0.1 టెక్నికల్ పెన్ ఒకటి సిద్ధం చేసుకోండి.