పటంలో బాణం వంక దాటుతోందా, ముందు అది చూడండి

పోయిన వారం పెన్న ఒడ్డున ఒక ఊరి సచివాలయంలో వరద ముప్పు పటం చూశాను. శిక్షణ తీసుకున్న ఊరి పిల్లలే శ్రద్ధగా గీశారు. లోతట్టు ఇళ్లకు ఎరుపు, బోర్లకు నీలం, తలదాచుకునే హైస్కూలుకు ఆకుపచ్చ. దిగువ కాలనీ నుంచి హైస్కూలుకు ఒక బాణం. ఆ బాణం వంక, అంటే వాగు, దాటి పోతోంది. వాన పడితే ఆ ఊళ్లో అన్నిటికంటే ముందు పొంగేది ఆ వంకే.

అక్కడే కూర్చున్న ఒక అవ్వను అడిగితే, "వంక వస్తే మేం ఈ పక్కే కద నాయనా, బడికెట్ల పోతాం?" అంది. పటం గీసిన రోజు ఆమెను ఎవరూ పిలవలేదు.

ఇట్లాంటి పటాలు కోస్తా ఊళ్లకే అవసరమని మనవాళ్లు చాలామంది అనుకుంటారు. 1977 నవంబర్ 19న దివిసీమను ఉప్పెన ముంచింది. ఆ తర్వాత తీరం వెంబడి తుఫాను షెల్టర్లు కట్టారు. మళ్లీ అదే నవంబర్ 19న, 2021లో, తెల్లవారుజామున మన రాయలసీమలో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి పులపత్తూరు, మందపల్లి లాంటి ఊళ్లను ఊడ్చేసింది. సముద్రం మనకు దూరమే. కానీ బంగాళాఖాతంలో వాయుగుండం పడితే ఆ వాన శేషాచలం కొండల మీద కూడా కురుస్తుంది, అక్కడి నుంచి ఏర్లలోకి, వంకల్లోకి దిగుతుంది. మన ఊళ్లో ఎండ కాస్తుండగానే వంక రావచ్చు.

టార్చి, మందులు, ఆధార్ కార్డులు సంచిలో పెట్టుకోవాలని అందరికీ తెలుసు. నేను చూసిన పటాల్లో మళ్లీ మళ్లీ కనిపించే తప్పు వేరే. చోటు గుర్తిస్తారు, దారి గుర్తించరు. పటం గీసేది మే నెలలో, రచ్చబండ దగ్గర. మేలో వంక అంటే ఇసుక, పిల్లలు క్రికెట్ ఆడే చోటు. అది అడ్డమని ఎవరికీ తోచదు.

అందుకే గీసిన దారిలో నడవండి. ముసలివాళ్లను, పసిబిడ్డను ఎత్తుకున్న తల్లిని వెంటబెట్టుకొని, ఒకసారి చీకట్లో కూడా నడవండి. అన్నమయ్య కట్ట తెగింది జనం నిద్ర లేవకముందే. మధ్యలో వంక గానీ, కాజ్‌వే గానీ, చెరువు మొరవ (అలుగు) గానీ తగిలితే ఆ దారి లేనట్టే. వేగంగా పారే నీళ్లు అరడుగున్నా మనిషిని పడదోస్తాయి, రెండడుగులుంటే కారునే ఎత్తుకుపోతాయి. వంకకు ఇవతల ఒక చోటు, అవతల ఒక చోటు చూసుకోండి. ఒక్క చోటుతో సరిపెట్టుకోవద్దు.

పాత నీటి గుర్తులు కూడా అడగండి. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ కర్నూలును ముంచినప్పుడు నీళ్లు ఎన్నో మెట్టు దాకా వచ్చాయో అక్కడి ఇళ్లవాళ్లకు ఇప్పటికీ తెలుసు. పటానికి అంతకంటే మంచి కొలత లేదు.

ఇంకా: ఆడవాళ్లు లేకుండా పటం గీయొద్దు. మంచం దిగలేనివాళ్లు ఏ ఇంట్లో ఉన్నారో, వాళ్లను ఎవరు మోస్తారో పేరుతో రాయండి. పశువుల తాళ్లు ఎవరు విప్పుతారో రాయండి, లేకపోతే బయటపడ్డ మనిషి ఆవు కోసం వెనక్కి పోతాడు. హైస్కూలు తాళంచెవి ఎవరి దగ్గరుందో రాయండి. సెలవు రోజున ఎవరి దగ్గర ఉంటుందో అది కూడా. సెల్ టవర్‌ను నమ్ముకోవద్దు, దండోరా వేసే మనిషిని చూసుకోండి. అత్యవసర సాయానికి 112, జిల్లా విపత్తు కంట్రోల్ రూముకు 1077, ఈ నంబర్లు గోడ మీద రాయండి. రాసి, ఫోన్ కలిసేదాకా ఇంట్లో కూర్చోవద్దు. ట్రాక్టర్ ఉందని వంకలోకి దిగొద్దు. ముందు బండి దాటిందని దిగొద్దు. మోకాలి లోతే కదా అని దిగొద్దు. పటంలో బాణం వంక దాటుతుంటే ఈ రోజే కొట్టేయండి.

నిన్న ఆ ఊళ్లో కొట్టేశాం. దిగువ కాలనీకి వంక ఇవతలే గుట్ట మీదున్న గుడి మంటపం చూపించాం. అవ్వ మాతో సగం దూరం నడిచి ఆగిపోయింది. దారినిండా కంపచెట్లు. రేపు కొడవళ్లు తీసుకొని పోతున్నాం.