సముద్రం ఒడ్డున ఉన్నప్పుడు సునామీ వస్తే ఏం చెయ్యాలి

2004 డిసెంబర్ 26 పొద్దున ఇండోనేషియాలోని సుమత్రా దీవి పక్కన సముద్రం అడుగున 9.1 తీవ్రతతో భూకంపం వచ్చింది, దాంతో లేచిన సునామీలో 14 దేశాల్లో 2 లక్షల 20 వేల మందికి పైగా చనిపోయారు. శ్రీలంకకి, మన తీరానికి అల రావడానికి దాదాపు 2 గంటలు పట్టింది, అంత టైమ్ ఉన్నా చెప్పేవాళ్లు లేక జనం ఒడ్డునే ఉండిపోయారు, అది తల్చుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

బీచ్‌లో ఉండగా నేల గట్టిగా ఊగినా, మెల్లగానే కానీ చాలాసేపు ఊగినా, ఆగగానే ఎత్తు వైపు నడవడం మొదలుపెట్టండి. సైరన్ కోసం, ఫోన్లో మెసేజ్ కోసం ఆగొద్దు, సుమత్రాలోని బందా ఆచే ఊరి మీద అల అరగంటలోపే పడింది. సుమత్రాకి దగ్గర్లోనే సిమెలూ దీవి ఉంది, 1907లో వచ్చిన సునామీ సంగతి అక్కడి పెద్దవాళ్లు పిల్లలకి చెప్తూనే వచ్చారు, నేల ఊగితే కొండెక్కెయ్యాలని. 2004లో ఆ రోజు దాదాపు అందరూ ఎక్కేశారు, 70 వేల పైచిలుకు జనంలో పోయింది 7గురే.

దూరంలో భూకంపం వస్తే మీకేం తెలీదు. అప్పుడు సముద్రాన్నే చూడాలి. నీళ్లు ఉన్నట్టుండి వెనక్కి పోయి, ఇసుకలో చేపలు కొట్టుకుంటుంటే ఏరుకోవడానికి, వీడియో తియ్యడానికి అస్సలు వెళ్లొద్దు, వెనక్కి తిరిగి పరిగెత్తండి. ఒక్కోసారి వెనక్కి పోకుండానే అల వచ్చేస్తుంది కాబట్టి అధికారుల హెచ్చరిక వస్తే అదే చాలు, 2007 నుంచి హైదరాబాద్‌లోని కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఆ హెచ్చరికలు ఇస్తోంది.

వీలైతే 30 మీటర్ల ఎత్తుకి, లేకపోతే 3 కిలోమీటర్లు లోపలికి. కారు తియ్యొద్దు, రోడ్డు జామ్ అయితే అందులోనే ఇరుక్కుపోతారు. నది సముద్రంలో కలిసే చోటికి, వాగుల పక్కకి వెళ్లొద్దు, నీళ్లు వాటిలోంచే చాలా దూరం ఎగదన్నుతాయి. టైమ్ లేకపోతే గట్టి కాంక్రీట్ బిల్డింగ్‌లో మూడో అంతస్తు, ఆ పైకి.

అన్నిటికన్నా ముఖ్యం, మొదటి అల పోయిందని కిందికి దిగొద్దు. శ్రీలంకలో పెరలియ దగ్గర మొదటి అలకి రైలు ఆగిపోయింది, చుట్టుపక్కల జనం కూడా ఇదే సేఫ్ అనుకుని రైలెక్కారు, దాని వెనక నిలబడ్డారు, తర్వాత ఇంకా పెద్ద అల వచ్చి బోగీల్ని విసిరేసింది, 1,700 మందికి పైగా పోయారు. అలకీ అలకీ మధ్య గంట కూడా ఉండొచ్చు, అధికారులు చెప్పేదాకా పైనే ఉండండి. పడవ మీద సముద్రంలో ఉన్నవాళ్లు ఒడ్డుకి రావొద్దు, లోతులో అల మీటరు కూడా ఉండదు, ఒడ్డు దగ్గరే లేస్తుంది.

దిగాక బావి నీళ్లు తాగొద్దు, ఉప్పు, మురుగు కలిసిపోయి ఉంటాయి.